ఫోర్‌ట్వంటీ

క్యాటలిటిక్ కన్వర్టరును తెలుగులో ఏమనాలి? మాటకు మాట పేర్చుకుంటూ పోతే "ఉత్ప్రేరక పరివర్తకం" అవుతుంది. నన్నయ భారతాన్ని తెలుగు చేయడానికి పూనుకున్న ఊళ్ళో కాపురముంటున్నాను గనుక ఆ పాటి సంస్కృతానికి నేను వెరవను. కాని రాజమండ్రి షెడ్డులో నిలబడి ఆ మాట అంటే మేస్త్రి కారును వదిలి నా మొహం చూస్తాడు. అక్కడ దాని పేరు "క్యాట్", కాదంటే "సైలెన్సరు ముందు డబ్బా". ఈమధ్య మా చిన్న కారుకు ఆ డబ్బా మార్పించవలసి వచ్చింది. ఆ సందర్భంలో తెలుసుకున్న సంగతులనూ, పడిన మీమాంసనూ మిత్రులతో పంచుకుందామని ఈ టపా.

మాది 2014 నాటి పెట్రోలు కారు. నాలుగేళ్ళ క్రితం ఒకరి దగ్గర కొన్నది. కొన్నాళ్ళుగా కొవ్వూరు వైపు నుంచి రోడ్డు కం రైలు వంతెన ఎక్కేటప్పుడు ఆయాసపడసాగింది. యాక్సిలరేటరు తొక్కితే చప్పుడు పెరిగేది గాని వేగం పెరిగేది కాదు. అడుగున ఎక్కడో గులకరాళ్ళు పోసిన డబ్బాను ఊపినట్టు గలగలమనేది. ఒకనాడు డాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ పసుపుపచ్చగా వెలిగి, మరి ఆరలేదు.

మేస్త్రి స్టీరింగు కింద స్కానరు తగిలించి, తెర మీద వచ్చిన అంకె చూసి ఫక్కున నవ్వాడు. "చూశారాండీ మాస్టారూ! మీ బండి ఫోర్‌ట్వంటీ అంటుందండి, ఆయ్!" నిజమే. తెర మీద "పి 0420" అని ఉంది. ఆ మీటలో ఇంజను చేసే ప్రతి ఫిర్యాదుకూ ఒక సంఖ్య ఉంటుంది. ఈ సంఖ్యకు అర్థం, ఉత్ప్రేరకం చేయవలసినంత పని చేయడం లేదని. మోసానికి సంబంధించిన శిక్షాస్మృతి 420వ సెక్షనుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ సెక్షను సంఖ్య కూడ 2024 జూలై 1 నుంచి మారిపోయి, భారతీయ న్యాయ సంహితలో 318 అయింది. చట్టం మారినా జనం నోట ఫోర్‌ట్వంటీ మాత్రం ఫోర్‌ట్వంటీగానే మిగిలింది. కాకతాళీయమే అయినా, ఆ అంకె ఆ తరువాత నన్ను చాలా రోజులు వదలలేదు.

ఆ డబ్బాలో ఏముంటుందో చెప్పాలి. లోపల పింగాణీ జాతి పదార్థంతో చేసిన తేనెపట్టు ఒకటి ఉంటుంది. చదరపు అంగుళానికి నాలుగైదు వందల సన్నని గొట్టాలు. ఆ గొట్టాల గోడలకు అల్యూమినా పూత, ఆ పూతలో ప్లాటినం, పెలేడియం, రోడియం రేణువులు. ఇంజను నుంచి వచ్చే పొగ ఆ గొట్టాలలోంచి పోతుంది. పోతూ పోతూ అందులోని కార్బన్ మోనాక్సైడు బొగ్గుపులుసు వాయువు అవుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి నీరూ, బొగ్గుపులుసు వాయువూ అవుతుంది. నైట్రోజన్ ఆక్సైడులు విడిపోయి, మనం పీల్చే గాలిలో ఉండే నైట్రోజనే అయిపోతాయి. ఇంత పని చేయించిన ఆ లోహాలు మాత్రం ఖర్చు కావు. 1835లో బెర్జీలియస్ అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఇటువంటి చర్యలకు "కెటాలిసిస్" అని పేరు పెట్టాడు. ప్లాటినం వంటి లోహాల ఉపరితలం మీద ఈ చర్యలు అణువు అణువుగా ఎలా జరుగుతాయో చూపినందుకు 2007లో జర్మనీకి చెందిన గెర్హార్డ్ ఎర్టల్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

మోటారు వాహనాలకు దీన్ని అమర్చవచ్చునని తలపెట్టినవాడు యూజీన్ హూద్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు. 1950లలోనే పేటెంటు పొందాడు. కాని అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం పూత మీద పేరుకుని ఉత్ప్రేరకాన్ని చంపేస్తుంది. అందుచేత అమెరికాలో 1975 మోడలు కార్లు వచ్చేవరకు ఆ ఆలోచన విస్తృతంగా రోడ్డెక్కలేదు. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాలలో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు దీన్ని తప్పనిసరి చేశారు. సీసం లేని పెట్రోలు దేశమంతటా వచ్చింది 2000 ఫిబ్రవరిలో. అంటే ఆ డబ్బా పని చేయాలంటే ముందు పెట్రోలే మారవలసి వచ్చిందన్నమాట.

మా కారులో అది ఎందుకు చచ్చింది? మేస్త్రి ఊరికే చెప్పలేదు. ఎగువ సెన్సరు విప్పి, ఆ కంతలో మీటరు బిగించి పొగ ఒత్తిడి చూశాడు. దారి మూసుకుపోయిన గొట్టంలా ఒత్తిడి ఎక్కువగా ఉంది. ఒక సిలిండరు కాయిలు బలహీనపడి అప్పుడప్పుడు నిప్పు వేయడం లేదట. ఆ కాలని పెట్రోలు వెళ్ళి వేడి డబ్బాలో అంటుకుంటుంది. అక్కడి ఉష్ణోగ్రత వెయ్యి డిగ్రీలు దాటితే పూత పాడవుతుంది, ఇంకా పెరిగితే తేనెపట్టు కరుగుతుంది, విరుగుతుంది. గలగలమన్నవి ఆ విరిగిన ముక్కలే. "ముందు కాయిలూ ప్లగ్గులూ మార్చాలండి. లేపోతే కొత్తది కూడా అలాగే పోద్దండి" అన్నాడు.

తరువాత ఖరీదు చెప్పాడు. కంపెనీ సరుకు, బిగింపు కూలీ అన్నీ కలిపి 38 వేలు. నేను మాట్లాడకపోవడం చూసి, మరో మార్గం కూడ చెప్పాడు. "లోపలి గూడు కొట్టేసి ఖాళీ డబ్బా బిగించేద్దారండి. మూడు వేలల్లో అయిపోద్ది. వెనక సెన్సరు కింద చిన్న బుష్ పెడితే ఆ లైటూ వెలగదండి. బండి ఇంకా బాగా లాగుద్ది. పాత గూడు నేనే కొనుక్కుంటానండి." ఆ కుర్రవాడు దొంగ కాడు. అందరూ అడుగుతున్నదే నాకూ చెప్పాడు.

పాత గూడు కొనడం వెనుక ఉన్న సంగతి కూడ చెప్పాలి. అందులోని లోహాలు కొద్ది గ్రాములే గాని, 2021 మార్చి నాటికి రోడియం ధర ఔన్సుకు 29 వేల డాలర్ల దగ్గరికి చేరింది. ఆ రోజుల్లోనే గుజరాత్, మహారాష్ట్రలలో మారుతీ ఈకో వ్యాన్ల సైలెన్సర్లు రాత్రికి రాత్రి విప్పుకుపోయే ముఠాలు పట్టుబడ్డాయి. ధర తరువాత బాగా దిగింది గాని, ఆ బూడిదరంగు ముక్కలకు బేరం మాత్రం పోలేదు. కంసాలి కొట్టు ముందరి మట్టిని కొనుక్కుని, కడిగి, బంగారపు రజను తీసే వృత్తి మనకు కొత్తది కాదు కదా.

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ అడిగింది. "ఏమండీ, ముప్ఫై ఎనిమిది వేలు పెడితే బండికి కొత్తగా ఏం వస్తుంది?" అది అమ్మాయి హాస్టలు ఫీజు కట్టవలసిన నెల. నిజం చెప్పాలంటే సమాధానం, "ఏమీ రాదు". మైలేజీ పెరగదు. లాగడం సంగతి ఖాళీ డబ్బాతో కూడ బాగుపడుతుంది. కారులో ఉన్న మిగతా సామాను యావత్తూ, చక్రం దగ్గరనుంచి హారను దాకా, లోపల కూర్చున్నవారి కోసం ఉన్నవే. ఈ ఒక్కటి మాత్రం వెనక వచ్చేవారి కోసం ఉంది. దానికి ఖరీదు మనం కడతాం, ఫలం మనకు తెలియనివాడికి చేరుతుంది.

పట్టుకునేవాడున్నాడా అంటే, పొల్యూషన్ పరీక్ష ఉంది. భారత్ స్టేజి 4 పెట్రోలు కారు నిలిచి ఉన్నప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడు 0.3 శాతం, హైడ్రోకార్బనులు పది లక్షలకు 200 భాగాలు మించకూడదు. ఖాళీ డబ్బా బండి ఆ గీటు దాటడం కష్టం. కాని సర్టిఫికెట్లు ఎలా వస్తాయో చదువరులకు నేను చెప్పనక్కరలేదు. పైగా నైట్రోజన్ ఆక్సైడులను ఆ పరీక్షలో కొలవనే కొలవరు. అంటే మూడు పనులలో ఒకటి పూర్తిగా మన మర్యాదకే వదిలేశారన్నమాట.

నేను డెల్టాలో పుట్టినవాణ్ణి. ఈ లెక్క ఎక్కడో విన్నట్టే అనిపించింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేయించాడు. కాలువలు వచ్చాయి, వాటితోపాటు ఎగువ, శివారు అనే రెండు మాటలూ వచ్చాయి. దాళ్వాకు నీరు తక్కువైన ఏడు వంతులవారీగా వదులుతారు. ఎగువ రైతు రాత్రిపూట తూము కాస్త ఎక్కువ ఎత్తుకుంటే అతని చేలో ఏ లోటూ కనబడదు. ఇరవై మైళ్ళ అవతల శివారు చేను నెర్రెలు విచ్చుతుంది. అతనెవరో వీడికి తెలియదు, వీడెవడో అతనికి తెలియదు. లస్కరు ప్రతి తూము దగ్గరా కాపలా ఉండలేడు. అయినా ఇన్నేళ్ళుగా ఎంతో కొంత నీరు శివారుకు చేరుతోందంటే, చీకట్లో తూము ముట్టుకోని రైతులు ఎగువన కొందరైనా ఉండబట్టే. పొగకూ ఒక శివారు ఉంది. కోటిపల్లి బస్టాండు దగ్గర సాయంత్రం వేళ బళ్ళు ఆగినప్పుడు మన పొగ గొట్టం సరిగ్గా ఎవరి మొహం ఎత్తున ఉంటుందో గమనించండి. వెనక స్కూటరు మీద తండ్రి కాళ్ళ మధ్య నిలబడిన పసివాడి ఎత్తు అది. కార్బన్ మోనాక్సైడు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటె రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది.

అంత ట్రాఫిక్‌లో నా ఒక్క కారుతో ఏమవుతుందన్న ప్రశ్న నాకూ వచ్చింది. ఎక్కువేమీ కాదు. ఈ డబ్బా బొగ్గుపులుసు వాయువును తగ్గించదు. పొద్దున్నే బండి తీసిన మొదటి నిమిషాల్లో, వేడెక్కేదాకా, దాదాపు పని చేయదు. ఇవన్నీ ఒప్పుకున్నా ఖాళీ డబ్బా బిగించుకోవడానికి అవి కారణాలుగా నిలవలేదు. హాస్టలు ఫీజు రెండు వాయిదాల్లో కడతామని వార్డెనుకు ఫోను చేసి, కొత్తది తెప్పించమన్నాను.

పని ఒక పూట పట్టింది. ముందు కాయిలు, ప్లగ్గులు. తుప్పు పట్టిన బోల్టులకు నూనె పోసి గంటసేపు నానబెట్టారు. ఇరవై రెండో నంబరు స్పానరుతో రెండు సెన్సర్లూ విప్పారు. కొత్త గ్యాస్కెట్లు వేసి, కొత్త డబ్బా ఎక్కించి, పాత కోడు చెరిపేశారు. తరువాత స్కానరు మీద రెండు సెన్సర్ల గీతలూ చూపించాడు. ఎగువ సెన్సరు గీత ఎగిరెగిరి పడుతోంది. దిగువది నిలకడగా సాగుతోంది. మొన్నటిదాకా రెండూ కలిసి ఎగిరేవట. ఆ నిలకడ గీతే మేము పెట్టిన 38 వేలకు కనబడిన ఏకైక ఫలం.

"ఇలాగ కొత్తదే వేయించుకున్నోళ్ళు ఈ ఏడు మీరే మొదలండి" అన్నాడు మేస్త్రి, మెచ్చుకోలో జాలో తెలియకుండా. పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడు 0.02 వచ్చింది. కారు మాత్రం ఎప్పటిలాగే ఉంది. దాన్ని చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేరు.

తా.క.: పాత కారు కొనబోయే మిత్రులకొక మాట. ఇంజను చల్లారి ఉన్నప్పుడు ఆ డబ్బాను పిడికిలితో తట్టి చూడండి. గలగలమంటే లోపల విరిగింది. గంటలా ఖంగుమంటే అసలు లోపల ఏమీ లేదేమోనని అనుమానించండి. మెత్తగా పలికితే, అంతకుముందు దాన్ని నడిపినవాడు మర్యాదస్థుడై ఉంటాడు.