కొండ దిగివచ్చిన రాజధానులు

హౌరా నుంచి చెన్నై వెళ్లే రైలు ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలోకి వస్తుంది. అక్కణ్ణుంచి పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం. ఎడమవైపు కొబ్బరి, జీడిమామిడి తోటలు, వాటికి అవతల సముద్రం. కుడివైపు కొండలు. ఒక వరస అయిపోయిందనుకునేలోపు ఇంకో వరస లేస్తుంది. కొండకీ కడలికీ మధ్య ఉన్న ఈ సన్నని మాగాణి పట్టీని చాలామంది బెర్తు మీద పడుకుని దాటేస్తారు. దిగితే కనిపించేది ఒక పాత దేశం.

ఉత్తరాంధ్ర పేరెత్తగానే వెనకబాటు, వలస అనే మాటలే పత్రికలకు తడతాయి. రెండూ నిజమే. కాని ఆ రెంటితోనే సరిపెట్టేస్తే ఈ నేలకు అన్యాయం చేసినట్టే. కళింగాన్ని ఏలిన రాజులు ఇక్కడ కొలువుతీరారు. బౌద్ధ భిక్షువులు ఇక్కడి గుట్టల మీద ఆరామాలు కట్టుకున్నారు. తెలుగు నాటకం, తెలుగు వాడుక భాష, తెలుగు సంగీతం ఈ గాలిలో పెరిగాయి. ఇంకా గమనించాల్సింది ఒకటుంది. ఇక్కడి రాజధానులు గొప్పగా చెప్పుకునే వాటిలో ఏది పట్టుకున్నా, దాని వేరు కొండల్లోనో పల్లెల్లోనో తేలుతుంది.

ముఖలింగంతో మొదలుపెట్టడం న్యాయం. శ్రీకాకుళం నుంచి యాభై కిలోమీటర్లలోపే, వంశధార ఎడమ ఒడ్డున ఉన్న ఊరు. ఇప్పుడు చూస్తే పొలాలు, గడ్డివాములు, ఇరుకు వీధులు. ఒకప్పుడు ఇదే కళింగనగరం, తూర్పు గాంగుల రాజధాని. వాళ్ల శకం క్రీ.శ. 498 నుంచి లెక్క. దాన శాసనాల్లో ఆ రాజులు తమ ఊరిని పొగడడానికి ముందు కొండను తలచుకుంటారు. మహేంద్రగిరి మీద వెలసిన గోకర్ణస్వామి వాళ్ల కులదైవం. 1,501 మీటర్ల ఆ శిఖరం ఇప్పుడు ఒడిశా గజపతి జిల్లాలో ఉంది. మందస వైపు నుంచి మబ్బు లేని రోజున కంటికి ఆనుతుంది.

ముఖలింగంలో మూడు గుళ్లు. ఊళ్లోకి వెళ్తుండగానే సోమేశ్వరాలయం ఒంటరిగా, నిటారుగా, ముందు మండపమంటూ లేకుండా ఎదురవుతుంది. భీమేశ్వరాలయం అంత చెక్కడం లేని గుడి. మధుకేశ్వరాలయం దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడాలి. ద్వారబంధాల మీద లతలు, లతల్లో చిక్కుకున్న మనుషులు, జంతువులు. గోడల నిండా శాసనాలు. తెల్లవారాక వెళితే ఏటవాలు వెలుగులో ఆ చెక్కడాలు లోతుగా తేలతాయి. మధ్యాహ్నం వెళ్లినవాళ్లకు అందులో సగమే దక్కుతుంది.

మధుకేశ్వరుడన్న పేరు వెనక ఇప్పచెట్టు ఉంది. సవర నాయకుడొకడు ఇప్పచెట్టును గొడ్డలితో నరికితే ఆ మొదట్లో శివుడు ప్రత్యక్షమయ్యాడని స్థలపురాణం చెబుతుంది. అంత పెద్ద సామ్రాజ్యపు గుడి తన పుట్టుకను ఒక అడవి చెట్టుకూ ఒక కొండ మనిషి గొడ్డలికీ ముడిపెట్టుకుంది. తరాల తరబడి ఆ కథను దాచకుండా చెప్పుకుంటూ రావడం ఈ ఊరి గొప్పదనం.

ఇక్కడి గాంగుల్లోనే అనంతవర్మ చోడగంగు 1078లో పట్టానికి వచ్చాడు. తండ్రి వైపు కళింగం, తల్లి వైపు చోళ వంశం. పూరీలో జగన్నాథుడి పెద్ద గుడికి పునాది వేసినవాడు ఆయనే. 12వ శతాబ్దంలో రాజధానిని కటకానికి తరలించాడు. తర్వాత ఆ వంశంలోనే నరసింహదేవుడు కోణార్క్ కట్టించాడు. పూరీ, కోణార్క్ చూసొచ్చిన తెలుగువాళ్లు లక్షల్లో ఉంటారు. ఆ శిల్పం అంతకుముందు ఏ ఏటి ఒడ్డున ఓనమాలు దిద్దుకుందో చూడడానికి వచ్చేవాళ్లు మాత్రం తక్కువ. ఇది బాధపడాల్సిన సంగతి.

ముఖలింగమే కళింగనగరమని శాసనాలు చదివి వాదించి నిలబెట్టినవాడు పరాయి పండితుడు కాడు. ఆ పక్కనే పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ తనంతట తాను శాసన లిపులు నేర్చుకున్నాడు. అదే మనిషి కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకు వాళ్ల మాటల్లోనే చదువు చెప్పాలని పట్టుబట్టాడు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. తర్వాత నిఘంటువూ వచ్చింది. తెలుగు వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటాన్ని ఏటా ఆగస్టు 29న అందరూ తలుచుకుంటారు. సవరల కోసం పడిన పాటును అంతగా తలుచుకోరు. పల్లె మనిషి నోటిమాటకు విలువ ఉందన్న నమ్మకం ఆయనకు కొండ మీద దొరికి ఉండాలి. ఒక భాషను దాన్ని మాట్లాడేవాళ్ల నోటి నుంచే నేర్చుకున్నవాడికి పుస్తకాల భాష ఒక్కటే భాష అంటే ఎలా మింగుడు పడుతుంది?

ఆ సవరలను, జాతాపులను చూడాలంటే సీతంపేట వెళ్లాలి. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే పోడు చేలు, జీడితోటలు, అనాస మొక్కలు. సంత రోజున కొండచీపుర్లు, పసుపు, చింతపండు, కందులు తట్టల్లో దిగుతాయి. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు పైకి ఎక్కుతాయి. సవరలు ఇంటి గోడల మీద వేసే బొమ్మల్లో మనుషులు, జింకలు, చెట్లు, సూర్యచంద్రులు అంతా ఒకే చట్రంలో ఇరుక్కుని ఉంటారు. వాటిని అలంకారమనుకోకూడదు. ఇంటి మేలు కోరి పూజ చేసి వేసే బొమ్మలవి.

ఈ కొండల్లో నెత్తుటి చరిత్రా ఉంది. షావుకార్ల అప్పులకు, భూములు పోవడానికి ఎదురుతిరిగిన గిరిజనులను వెంపటాపు సత్యం అనే బడిపంతులు కూడగట్టాడు. 1967 అక్టోబరు 31న సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే ఇద్దరు చనిపోయారు. శ్రీకాకుళం అన్న పేరు దేశమంతా మోగింది అప్పుడే. సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జులైలో హతమయ్యారు. ఘాట్ రోడ్డు మీద ఫొటోలు తీసుకునేవాళ్లు ఈ మాట తెలుసుకుని తీసుకుంటే బాగుంటుంది.

కొండ దిగి దక్షిణానికి వస్తే విజయనగరం. ముఖలింగం నిద్రపోయిన రాజధాని అయితే, ఇది ఇంకా సందడి తగ్గని రాజధాని. పూసపాటి రాజులు 1713లో, విజయ నామ సంవత్సరం విజయదశమినాడు ఇక్కడ కోటకు శంకుస్థాపన చేశారు. ఊరి పేరులోనూ రాజు పేరులోనూ విజయమే. కోట, పెద్ద చెరువు, గంటస్తంభం, మూడు లాంతర్లు. నడిచి తిరగగలిగినంత దూరంలోనే అన్నీ ఉన్నాయి. కోట దగ్గరి బొంకులదిబ్బ మీదే గిరీశం గురజాడ నాటకం కన్యాశుల్కానికి తెర తీస్తాడు. ఆ నాటకాన్ని మొదటిసారి ఆడింది 1892లో, ఈ ఊళ్లోనే. గురజాడ, గిడుగు ఇక్కడి మహారాజా వారి బడిలో సహాధ్యాయులు. గురజాడ ఇల్లు స్మారకంగా నిలిచి ఉంది. రెండు గదులు చూసి బయటపడకుండా కాసేపు కూర్చోవాల్సిన చోటు.

1919లో ఇక్కడ సంగీత పాఠశాల మొదలైంది. చూపులేని ఒక కుర్రవాడికి సంగీతం నేర్పే చోటు కావాలన్న కోరికే దానికి బీజమని ఊరు చెప్పుకుంటుంది. మొదటి అధ్యక్షుడు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన తర్వాత ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల అనే అబ్బాయి ఈ వీధుల్లో మధుకరం ఎత్తుకుని, వారాలు చేసుకుని పాట నేర్చుకున్నాడు. ఇంటింటికీ జోలెతో వచ్చిన ఆ పిల్లవాడికి ముద్ద పెట్టిన ఇల్లాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు. తెలుగువాళ్లందరూ వాళ్లకు రుణపడి ఉన్నారు. పి. సుశీలదీ ఈ ఊరే.

దసరా దాటాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమానోత్సవం. పైడితల్లి పూసపాటివారి ఆడపడుచు. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. వద్దని వారించిన చెల్లెలు, విజయనగరం రాజైన తన అన్న యుద్ధం గెలిచీ తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయాడని విని ప్రాణం విడిచి, పెద్ద చెరువులో దేవతగా వెలసిందని కథ. గెలిచిన రాజుకు గుడి లేదు. యుద్ధం వద్దన్న ఆడపిల్లకు ఉంది.

సిరిమానుకు చెట్టును అమ్మవారే ఎంచుకుంటుందట. పూజారి కలలోకి వచ్చి ఫలానా ఊళ్లో ఫలానా చోట ఉందని చెబుతుంది. సాధారణంగా చింతచెట్టు. చెట్టు యజమాని కాదనడు, బొట్టు పెట్టి సాగనంపుతాడు. పట్నానికి వచ్చిన మాను హుకుంపేటలో చెక్కుడు పడి అరవై అడుగుల వరకూ పొడవుతో సిద్ధమవుతుంది. దాని కొసన కట్టిన పీట మీద పూజారి కూర్చుంటాడు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. వాటి వెనక సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. ఆకాశంలో అమ్మవారు, అరటిపళ్లు విసిరే జనం, మేడల మీద పిల్లలు. ‘ఏటి బావూ, కనపడతందా?’ అని భుజమ్మీది మనవణ్ణి అడిగే తాతలు. ముందురోజు తొలేళ్లనాడు రైతులు అమ్మవారి ధాన్యం తీసుకువెళ్లి విత్తనాల్లో కలుపుకుంటారు. పట్నం పండగగా పైకి కనిపించినా ఇది వ్యవసాయం చేసేవాళ్ల పండగ.

మిగతావి దారిలో పడతాయి. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, సన్నని నూలు వడుకుతారు. ఆ చేప దవడకు సాటి వచ్చే యంత్రం ఇంకా రాలేదు. వడికేది ఎక్కువగా వయసు మళ్లిన ఆడవాళ్లు. వాళ్ల కూలి ఇంకా పెరగాలి, వాళ్ల తర్వాత ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరకాలి. పొందూరు పంచె కొనేవాళ్లు బేరం ఆడకపోవడం మర్యాద. అరసవల్లిలో మార్చి, అక్టోబరు నెలల్లో కొన్ని రోజులు ఉదయపు ఎండ సూర్యనారాయణమూర్తి పాదాలను తాకుతుంది. శ్రీకూర్మంలో స్వామి తాబేలు రూపంలో పడమటి ముఖంగా ఉంటాడు. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికి దగ్గర్లో శాలిహుండం కొండ మీద స్తూపాలు, చైత్యాలు ఉన్నాయి. వాటిని 1919లో లోకానికి చూపించింది కూడా గిడుగే. విజయనగరం పక్కన రామతీర్థంలో ఒక కొండ మీద బౌద్ధం, ఇంకో కొండ మీద జైనం, వాటి పక్కనే రాముడు.

రావడానికి చలికాలం మంచిది. పనసపొట్టు ఆవ పెట్టిన కూర, చోడి అంబలి అడిగి తినాలి, హోటల్ పలకల మీద రాసి ఉండవు. సిరిమానుకు వచ్చేవాళ్లు గది ముందే చూసుకోవాలి, ఆ వారం పట్నంలో చోటు దొరకదు. ఇసుక వేస్తే రాలని ఆ జనం వద్దనుకునేవాళ్లు శివరాత్రికి ముఖలింగం రావచ్చు. పండగ తర్వాత వంశధారలో చక్రతీర్థ స్నానాలు జరుగుతాయి. ఆ రోజు ఒడిశా వైపు నుంచి, కొండ పల్లెల నుంచి కూడా జనం కాలినడకన, ఆటోల్లో దిగి వస్తారు.