మీట నొక్కిన పిదప

1982వ సంవత్సరమున అమెరికా దేశమునందలి కామొడోర్ సంస్థ ‘కామొడోర్ 64’ అను గృహ కంప్యూటరును విపణికి దెచ్చెను. మొదట దాని వెల 595 డాలర్లు. మీటలను, యంత్రభాగములను ఒకే పెట్టెలో నిమిడ్చి, ఇంటిలోని టెలివిజనునే తెరగా వాడుకొనుటకు వీలుగా దానిని నిర్మించిరి. 1994వ సంవత్సరముతో దాని యుత్పత్తి ముగిసినది. నేడది పాతవస్తువులను సేకరించువారి యిండ్లలోను, ప్రదర్శనశాలలలోను కానవచ్చును. అయినను దాని పనితీరు నేటికిని తెలిసికొనదగినది. నేటి కంప్యూటరులో కంటికానని సూక్ష్మభాగములు కోట్లకొలది చేరి చేయు పనిని, ఆ పెట్టెలో కొలదిపాటి చిప్పులు పంచుకొని చేయును. ఎవరి పని యేదియో విడదీసి చూచుట కది యనువైన యంత్రము.

ఆ చిప్పులలో ముఖ్యమైనది 6510 అను ప్రాసెసరు. ఇది 6502 అను చిప్పునకు తమ్ముని వంటిది. చక్ పెడిల్ అను ఇంజనీరును, ఆయన సహచరులును రూపొందించిన 6502 చిప్పు 1975లో 25 డాలర్లకే విక్రయింపబడెను. ఆ దినములలో అట్టి యితర చిప్పులకు వందల డాలర్లు చెల్లింపవలసి వచ్చెడిది. సామాన్యుని యింటిలో కంప్యూటరు అడుగిడుటకు ఈ చవుకదనము త్రోవ చేసినది.

6510 సెకనునకు దాదాపు పదిలక్షల అడుగులు వేయును. కూడుట, తీసివేయుట, పోల్చి చూచుట, ఒక చోటి సంఖ్యను మఱియొక చోట నుంచుట మొదలైనవి దాని విద్యలు. దాని నుండి వెడలు 16 తీగలు చిరునామాను దెలుపును. వానితో 65,536 చోట్లను గుర్తింపవచ్చును. మఱి 8 తీగలు 0 మొదలు 255 వఱకు గల యొక సంఖ్యను మోయును. ఇంత నేర్పు గల ప్రాసెసరునకు కన్నులు లేవు, చెవులు లేవు. ఒక బాలుడు మీట నొక్కినచో ఆ సంగతి దానికెట్లు తెలియును?

అందులకే 6526 అను సహాయక చిప్పులు రెండు కలవు. బయటి పరికరములతో మాటలాడుట వాని వృత్తి. మీటల లెక్క మొదటిదానికి చేరినది. మీట కొక తీగ చొప్పున అమర్చినచో తీగల గుంపే మిగులును. కావున 8 తీగలను నిలువుగను, 8 తీగలను అడ్డముగను పఱచిరి. అవి కలియు కూడళ్లు 64. ఒక్కొక్క కూడలి యొక్కొక్క మీటకు స్థానము. నిలువు తీగలలో నొకదానికి సంకేతమిచ్చి, అడ్డు తీగలలో నది యెచట కానవచ్చునో చూచినచో, నొక్కబడిన మీట యేదియో తేలిపోవును. ఇట్లు 16 తీగలతోనే పని నెఱవేఱినది.

ఆ చూచుట యెప్పుడు? ప్రాసెసరు అనవరతము మీటలనే కనిపెట్టి యుండినచో తక్కిన పనులు సాగవు. మఱచినచో బాలుని మొఱ వినువారుండరు. అందుచేత 6526లో నొక గడియారము గలదు. పాఠశాల గంటవలె నది సెకనునకు సుమారు 60 మారులు మ్రోగును. గంట విన్న ప్రాసెసరు చేతిలోని యాజ్ఞను ముగించి, తానెక్కడ నాగినదియు మెమరీలో గుర్తించి, మీటలను చూచి వచ్చి, విడిచిన చోటనే తిరిగి మొదలిడును. చదువుచున్న విద్యార్థి తల్లి పిలుపు విని, పుట నడుమ గుర్తుంచి లేచినట్లే యిదియును.

దొరికిన యక్షరపు సంఖ్యను ప్రాసెసరు తెరకై కేటాయించిన మెమరీలో వ్రాయును. బొమ్మ గీయుట మాత్రము దాని పని కాదు. విక్-II అను వేఱొక చిప్పు ఆ మెమరీని చదివి టెలివిజనునకు బొమ్మ నందించును. మెమరీకి పోవు బాట యొక్కటే; పథికు లిద్దరు. కాలపు ప్రతి యడుగును రెండు సగములు చేసి, ఒక సగము విక్-IIకును, రెండవది ప్రాసెసరునకును ఇచ్చిరి. కాని యక్షరముల వరుస క్రొత్తగా మొదలగునపుడు విక్-IIకు తన సగము చాలదు. అపుడది ప్రాసెసరును సుమారు 40 మైక్రోసెకన్లు నిలిపివేయును. మైక్రోసెకను అనగా సెకనులో పదిలక్షవ వంతు. ఇంత స్వల్పవిరామము వలన నష్టమేమని తోచును. నష్టము డిస్కు వద్ద బయటపడినది.

1541 అను డిస్కు డ్రైవు వేఱొక పెట్టె. దానికిని సొంతముగా 6502 ప్రాసెసరును, 6522 అను సహాయక చిప్పులు రెండును గలవు. అనగా అది మఱియొక చిన్న కంప్యూటరే. ఎనిమిది బిట్లు గల బైటును తీగ వెంట బిట్టు తరువాత బిట్టుగా తానే పంపగల భాగము 6522లో నుండెను. అందొక లోప ముండుటచే, కామొడోర్ 64కు ముందు వచ్చిన విక్-20 కాలముననే ఆ భాగమును విడిచి, ప్రాసెసరే యొక్కొక్క బిట్టును పంపునట్లు ఏర్పాటు చేసిరి. ఆ పద్ధతియే కామొడోర్ 64కును సంక్రమించినది. పైగా ప్రాసెసరు నడుమ నడుమ 40 మైక్రోసెకన్లు నిలిచిపోవును గనుక, ఆ వేళ బిట్టు చేజారకుండ డ్రైవు నింకను మెల్లగా నడిపిరి. తుదకు సెకనునకు సుమారు 400 బైట్లు మాత్రమే వచ్చెను. 30,000 బైట్ల యాటకై బాలురు నిమిషమునకు పైగా కాచుకొనిరి.

వింత యేమనగా, 6526లో అట్టి భాగమే లోపము లేక పనిచేయును. అయినను 1541తో మాటలాడుట కది యుపయోగపడలేదు. అంగటిలో అన్నియు నున్నను అల్లుని నోట శని యన్నట్లయినది. 1985లో వచ్చిన కామొడోర్ 128, 1571 డ్రైవు ఆ భాగమును వాడుకొనినవి.

ఈలోపున ప్రోగ్రాములు వ్రాయువారు ఊరకుండలేదు. డ్రైవు లోపల ప్రాసెసరు గలదు గదా యని, దాని మెమరీలోనికే క్రొత్త యాజ్ఞలను పంపిరి. గడియకై యుంచిన తీగను గూడ బిట్లను మోయుటకు వాడి, రెండేసి బిట్లను ఒక్కసారి పంపునట్లు ఇరువైపుల నొడంబడిక కుదిర్చిరి. తీగ మాఱలేదు, చిప్పు మాఱలేదు, వేగము మాత్రము అయిదింతలై, కొన్నింట నంతకంటె మిక్కిలియైనది.

పెద్దదైన ప్రాసెసరు పేరే పెట్టెను గూర్చి చెప్పువారి నోట వినవచ్చును. కాని దానిని మేలుకొలుపు గంట 6526ది. అది వ్రాసిన యక్షరమును వెలిగించుట విక్-IIది. దానిని కాచి యుండునట్లు చేసినది యొక సహాయక చిప్పులోని చిన్న లోపము. మీట నొక్కిన బాలునకు తెరపై నక్షరము మాత్రమే కనబడెను. ఆ రెప్పపాటులో ఎందఱు చేతులు మాఱ్చుకొనిరో తెలిసినవానికి, ఆ యక్షరము మునుపటి యక్షరముగా కనబడదు.