సందేహాల పేరంటం

పేరంటం చెయ్యాలంటే ఏం కావాలి? పసుపు, కుంకుమ, తాంబూలం, నానబోసిన శనగలు, వచ్చినవాళ్ళ చీరలు చూసి ఓర్చుకోగల మనసు. నేను చేసే పేరంటానికి వీటిలో ఏదీ అక్కర్లేదు. ఒక సెల్‌ఫోను, దాన్ని ఆనించి నిలబెట్టడానికి ఊరగాయ జాడీ, ఆ వారం ఎవరో ఒకరికి వచ్చిన సందేహం ఉంటే చాలు. ప్రతి శనివారం రాత్రి తొమ్మిదింటికి, జూమ్‌లో. పేరంటాళ్ళు దెందులూరు నుంచి డాలస్ దాకా ఉన్నారు. అందరం ఒకే నోము పట్టాం. చెప్పినమాట చెప్పినట్టుగా నమ్మేయకపోవడం మా నోము.

"అయితే నాస్తికుల సంఘమా?" అని మీరు అడగబోతున్నారు కదూ? మా వియ్యపురాలు కూడా అదే అడిగింది, గొంతు బాగా తగ్గించి, ఎవరికో వచ్చిన జబ్బు సంగతి అడిగినట్టు. కాదండీ. నాస్తికులు కావాలంటే మనకి దగ్గర్లోనే ఉన్నారు. గోరాగారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో దాన్ని బెజవాడ పటమటకి మార్చారు. ఆయన భార్య సరస్వతిగారు నిప్పులమీద నడిచి చూపించారు, కడుపుతో ఉండగా గ్రహణం చూశారు. ఈ రోజుల్లో కూడా గ్రహణం వేళ కడుపుతో ఉన్న పిల్లని కదలకుండా పడుకోబెట్టే ఇళ్ళు నాకు బోలెడు తెలుసు గనక, ఆ కాలంలో ఆవిడ ఎంత నిబ్బరంగా ఉండి ఉంటారో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మేం అంతటి వాళ్ళం కాం. మాలో రోజూ దీపం పెట్టేవాళ్ళున్నారు, శుక్రవారం తలంటు మాననివాళ్ళున్నారు.

ఇంగ్లీషులో స్కెప్టిక్ అంటారే, అదన్నమాట. దీనికి తెలుగులో మంచి మాట దొరక్క నాలుగు వారాలు కొట్టుకున్నాం. 'సంశయవాది' అంటే సంస్కృతం పరీక్షలా ఉందన్నారు. 'హేతువాది' అంటే పుస్తకాలు చదివినవాళ్ళు అనుకుంటారు, మనకి బరువన్నారు. 'అనుమానం మనిషి' అంటే మొగుణ్ణి అనుమానించేది అనుకుంటారని తాడేపల్లిగూడెం తోటికోడలు ఒప్పుకోలేదు. అంచేత మా సంఘానికి ఇప్పటివరకూ పేరు లేదు. లండన్‌లో 1999లో ఇలాంటివాళ్ళే ఒక పబ్బులో కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారట. అది దేశదేశాలా పాకింది. 2020లో కరోనా వచ్చి పబ్బులు మూసేశాక వాళ్ళూ ఆన్‌లైన్‌కి వచ్చారు. డాలస్ అమ్మాయి (నా దగ్గర పదో తరగతి ఫిజికల్ సైన్సు చదువుకున్న పిల్లే) ఈ సంగతి చెప్పి, "మనమూ పెడదాం టీచర్" అంది. దెందులూరులో నాకు పబ్బెక్కడిది తల్లీ, పెరట్లో నుయ్యి గట్టు ఉంది అన్నాను.

అలా 2020 ఏప్రిల్‌లో మొదలైంది. అప్పుడు ఊరంతా తలుపులు బిడాయించుకుని ఉంది. చేతిలో ఫోను, ఫోనులో సందేశాలు. వెల్లుల్లి మరిగించి తాగితే కరోనా రాదని ఒకరు, ఆవిరి పడితే ఊపిరితిత్తుల్లోది చచ్చిపోతుందని ఒకరు. నేను, తోటికోడలు, ఆకివీడులో రిటైరైన నర్సమ్మగారు, ఏలూరులో మా వదినగారు, గుడివాడ లెక్చరరుగారు, డాలస్ పిల్ల. ఈ ఆరుగురం. మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఎవరి దేవుణ్ణీ తిట్టకూడదు. 'నేను చూశాను' అన్నదానికీ, 'మా బాబాయిగారు చూశారట' అన్నదానికీ ఒకే మార్కులు వెయ్యకూడదు. వంటల కబుర్లు మొదటి పది నిమిషాల్లో ముగించాలి. ఈ మూడోది ఇంతవరకూ అమలు కాలేదు. డబ్బులు కట్టనివాళ్ళకి జూమ్ నలభై నిమిషాలే ఇస్తుంది. అందులో పాతిక నిమిషాలు ఉసిరికాయ పచ్చడికి పోయిన వారాలున్నాయి.

మొగవాళ్ళని చేర్చుకోలేదా అంటారేమో. చేర్చుకోలేదు గానీ వాళ్ళు ఉండనే ఉంటారు. కెమేరా వెనకాల బనీనుతో అటూ ఇటూ తిరుగుతూ, మంచి పట్టులో ఉండగా "కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?" అంటూ. మావారు తలుపు చాటునుంచి సలహా చెప్పి వెళ్ళిపోతారు. రుజువు అడిగే లోపల వెళ్ళిపోతారు.

ఆ ఏడాది జూన్ 21న, ఆదివారం, సూర్యగ్రహణం పట్టింది. గుర్తుందా? ఊళ్ళో ఎవరింట చూసినా ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టారు. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది అని మనవాళ్ళ నమ్మకం. ఫోటోలు ఫోన్లలో తిరిగాయి. ఆ శనివారం మా పేరంటంలో పెద్ద గలాభా. ఆకర్షణ శక్తి అని తోటికోడలు, అదేం కుదరదని లెక్చరరుగారు. భూమినీ సముద్రాన్నీ లాగే సూర్యచంద్రులు ప్రతి అమావాస్యకీ ఇంచుమించు ఒకే వైపున ఉంటారు, మరి ప్రతి అమావాస్యకీ రోకళ్ళు లేవాలి కదా అని డాలస్ పిల్ల. వాదన ఇలా సాగుతుంటే వెనక మంచంమీద వత్తులు చేసుకుంటున్న మా అత్తయ్యగారు (ఎనభై దాటాయి, ఏకాదశి ఉపవాసం తప్పనివారు) తలెత్తి, "గ్రహణం లేనప్పుడు ఎవరేనా నిలబెట్టి చూశారుటే?" అన్నారు.

చూశారా? బీయస్సీలు, ఎమ్మెస్సీలు చదివిన ఆరుగురికి తట్టని ప్రశ్న. దేవుడికి దణ్ణం పెట్టేవాళ్ళని మన గుంపులో ఎందుకు ఉంచుతున్నావని నన్ను అడిగినవాళ్ళందరికీ నేను చెప్పే జవాబు ఇదే.

మర్నాటినుంచి రోకలికోసం వెతుకులాట. మిక్సీలు వచ్చాక రోకలి ఎవరింట్లో ఉంటోంది చెప్పండి! పెళ్ళికి పసుపు కొట్టడానికి తప్ప దానితో పనిలేదు. వీధి చివర ఇంటినుంచి ఒకటి తెప్పించాను. మంగళవారం, ఏ గ్రహణమూ లేదు, మామూలు రాత్రి. ఆరుగురూ చూస్తుండగా పళ్ళెం, నీళ్ళు, రోకలి. రెండుసార్లు పడింది. ఒకసారి మావారి కాలికి వెంట్రుకవాసిలో తప్పింది. మూడోసారి ఊపిరి బిగబట్టి మెల్లిగా వదిలాను. నిలబడింది! కింద ఇనప పొన్ను చదునుగా ఉంది, కర్ర నిటారుగా ఉంది, పడదు, అంతే. కాస్త ఓపిక కావాలి. గ్రహణం రోజున అందరికీ ఆ ఓపిక ఉంటుంది, మామూలు రోజున ఎవరికి తీరుతుంది? మర్నాడు పొద్దున్న పనమ్మాయి తగిలి పడేసేదాకా అలాగే ఉంది. అత్తయ్యగారు మాత్రం, "నిలబడితే నిలబడనీ, గ్రహణం స్నానం మాత్రం నేను మానను" అన్నారు. మేమూ మానమనలేదు.

ఇలా నవ్వుతూ తుళ్ళుతూ సాగిపోతే ఇది రాయవలసిన పని లేకపోను.

2020 డిసెంబరు 5, శనివారం. ఏలూరు వదినగారు పేరంటానికి రాలేదు. ఏలూరు మాకు పది పన్నెండు కిలోమీటర్లు. రాత్రికి రాత్రే తెలిసింది, వన్ టౌన్‌లో జనం ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా పడిపోతున్నారని, మూర్ఛలు వస్తున్నాయని, ఆసుపత్రి నిండిపోతోందని. మొత్తంమీద ఆ కొద్ది రోజుల్లో ఐదువందల మందికి పైగా పడ్డారు. చాలామంది త్వరలోనే తేరుకున్నారు, కాని పడినప్పుడు చూసినవాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఆదివారం పొద్దున్న ఇడ్లీ తింటూ తింటూ వదినగారి మనవరాలు, తొమ్మిదేళ్ళది, పక్కకి ఒరిగిపోయింది. నోటివెంట నురుగ. ఆసుపత్రికి ఎత్తుకు పరుగెత్తారు. సాయంత్రానికి ఇంటికి తెచ్చారు.

ఆ రాత్రి మామూలుగా కలుసుకునే రోజు కాకపోయినా కలిశాం. వదినగారి వెనక మంచంమీద పిల్ల పడుకుని ఉంది. గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు. పిల్ల చేతికి నల్లదారం. లెక్చరరుగారు చూశారు. "అదేవిటండీ వదినగారూ, చేతికి?"

వదినగారు కాసేపు మాట్లాడలేదు. తరవాత అన్నారు, "పక్కింటావిడ కట్టింది. మీరంతా చదువుకున్నవాళ్ళు గదా, ఇదెందుకొచ్చిందో చెప్పండి. చెబితే ఇప్పుడే తెంపేస్తాను."

ఎవరం చెప్పగలం? ఆ రాత్రి దేశంలో ఎవరూ చెప్పలేరు. నీళ్ళన్నారు, క్లోరిన్ ఎక్కువైందన్నారు, దిష్టన్నారు. తరవాత ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. డిసెంబరు మధ్యకి వచ్చేసరికి నిపుణులు పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణమన్నారు. అవి ఒంట్లోకి ఏ దారిన వచ్చాయో అప్పటికి తేల్చలేకపోయారు. 'తెలియదు' అనే మాట మా పేరంటంలో మహా గొప్పగా వాడేవాళ్ళం. తెలియనిది తెలియదని చెప్పడమే మన వ్రతం అని నేనే ఎన్నిసార్లు అన్నానో! పిల్లని పక్కలో పెట్టుకున్న మనిషి ముందు ఆ మాట నోటికి రావడం వేరు.

అప్పుడు నర్సమ్మగారు అందుకున్నారు. దారం సంగతి ఎత్తనే లేదు. "ఎంతసేపు కొట్టుకుందమ్మా? గడియారం చూశారా? ఈసారి చూడండి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా గాని, నీళ్ళు గాని పెట్టకండి. ఎవరేనా చేతిలో ఇనప తాళాలు పెడతానంటే, పెడితే వచ్చే లాభం లేదు, ఆ వెతుకులాటలో పిల్లని వదిలేస్తారు. అయిదు నిమిషాలు దాటినా, వెంటవెంటనే మళ్ళీ వచ్చినా ఆసుపత్రికే. బండి ఎవరిది? పెట్రోలు ఉందా?" వదినగారు కాగితం తెచ్చుకుని రాసుకున్నారు. రాసుకుంటుంటే ఆవిడ చెయ్యి వణకడం తగ్గింది.

నలభై నిమిషాలు అయిపోయి తెర ఆరిపోయింది. మళ్ళీ కలిపాం. మళ్ళీ ఆరిపోయింది, మళ్ళీ కలిపాం. ఆ రాత్రి ఎవరో ఒకరం ఆవిడకి తోడుగా ఫోనులో ఉండాలని వంతులు వేసుకున్నాం. ఆవిడ కునుకు తీస్తే ఇవతలివాళ్ళు తెరమీద పిల్ల ఊపిరి చూస్తూ కూర్చున్నారు. డాలస్‌లో పగలు గనక ఆ అమ్మాయి రెండు వంతులు తీసుకుంది. తెల్లవారుజామున రెండునుంచి నాలుగున్నర దాకా, నలభయ్యేసి నిమిషాల చొప్పున, లెక్చరరుగారు కూర్చున్నారు. పిల్లకి మళ్ళీ రాలేదు.

జనవరిలో లెక్చరరుగారు మానేశారు. నాకు పెద్ద ఉత్తరమే రాశారు. దారం చూసి అందరూ ఊరుకున్నచోట కూర్చోలేనన్నారు. ఇవాళ దారమే కదా అని ఊరుకుంటే, రేపు డాక్టరు ఎందుకంటారు, అప్పుడు ప్రాణం పోతుంది అన్నారు. ఆవిడ మాట కొట్టిపారెయ్యదగ్గది కాదు. 2021 మే నెలలో, రెండో విడత కరోనా ఊళ్ళు ఊడుస్తున్నప్పుడు, కృష్ణపట్నంలో ఆకుమందు పంచుతున్నారని వేలకి వేల జనం ఎండలో ఒకరిమీద ఒకరు పడుతుంటే టీవీలో చూసి నాకు ఆ ఉత్తరమే గుర్తొచ్చింది. మింగే మందుకి ప్రభుత్వం తరవాత అనుమతి ఇచ్చింది, హాని కనపడలేదని. జబ్బు తగ్గిస్తుందన్న రుజువు మాత్రం లేదు. అయినా నా అభిప్రాయం నాది. ఆ ఆదివారం రాత్రి దారం తెంపమని పట్టుబట్టి ఉంటే వదినగారు ఫోను పెట్టేసేవారు. నర్సమ్మగారు చెప్పింది రాసుకునేవారు కాదు. భయంలో ఉన్న మనిషిని ఓడించి ఏం చేసుకుంటాం?

ఆ మే నెలలోనే వదినగారి తమ్ముడు జ్వరంతో ఉండి కృష్ణపట్నం బయల్దేరతానన్నాడు. కారు కూడా మాట్లాడేశాడు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "ముందు వేలికి ఆక్సిజన్ మీటరు పెట్టు, అంకె చూసి మాట్లాడదాం" అన్నారట. అంకె బాగాలేదు. కారు ఆసుపత్రికి వెళ్ళింది. ఇప్పుడు అతను రొయ్యల చెరువులు చూసుకుంటూ నిక్షేపంలా ఉన్నాడు. పిల్ల చేతి దారం ఎప్పుడు తెగిపోయిందో ఎవరికీ జ్ఞాపకం లేదు. లెక్చరరుగారికి పండగలకి ఫోను చేస్తూనే ఉంటాను, ఆవిడ పండగలు చెయ్యకపోయినా. మాట్లాడతారు. పేరంటానికి రమ్మంటే మాత్రం మాట మారుస్తారు.

ఇప్పుడు మేం పదకొండుగురం. ఆ మనవరాలికి ఓణీలు వేసే వయసు వచ్చింది. అప్పుడప్పుడు నాయనమ్మ భుజంమీంచి తొంగి చూస్తుంటుంది. మొన్నొక శనివారం మధ్యలో అందుకుంది. "మీరందరూ దేన్నీ ఊరికే నమ్మరు కదా, మరి నర్సు అమ్మమ్మ ఏం చెప్పినా ఒక్కరూ ఎందుకని అడగరేం?"

మేం మొహమొహాలు చూసుకున్నాం. నర్సమ్మగారు మాత్రం ఎన్నాళ్ళనుంచో ఈ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు కుర్చీ ముందుకి జరుపుకుని, "ఇదిగో, ఇలా రా, దగ్గరగా కూర్చో. నువ్వు అడుగు, నేను చెబుతాను" అన్నారు. ఆ వారం నలభై నిమిషాలూ వాళ్ళిద్దరికే సరిపోయాయి. వంటల మాటే రాలేదు.