తాడు ఎప్పుడు తెగుతుంది?

అలల నుంచి కరెంటు తీసే యంత్రాలు కొన్ని సముద్రం మీద తేలుతూ, లంగరు తాళ్లకు కట్టి ఉంటాయి. 2010 మే నెలలో ఆస్ట్రేలియాలోని పోర్ట్ కెంబ్లా దగ్గర అలాంటిదొకటి పెద్ద అలలకు లంగరు తెంచుకుని రాళ్లగోడకు కొట్టుకుంది. నీళ్లలో దింపి కొన్ని నెలలే అయింది.

అందుకే ముందుగా కంప్యూటర్లోనే తుఫాను పుట్టిస్తారు. నీటిని లక్షల చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలో వేగం, ఒత్తిడి లెక్క కడతారు. సెకనులో చిన్న భాగం గడవగానే మళ్లీ అంతా లెక్కే. తుఫాను మొత్తానికి ఇలా చేయాలంటే చాలా రోజులు పడుతుంది. కనుక చిన్న అలలన్నీ ఒకేచోట కలిసి ఒక పెద్ద అలగా లేచేలా చేసి, యంత్రాన్ని సరిగ్గా అక్కడే పెడతారు. ఈ ఉపాయం నాకు భలే నచ్చింది.

గోపాల్‌పూర్‌లో వేటకెళ్లే మా అయ్యకు ఇదంతా చెప్పాను. "పెద్ద అలకే తాడు తెగుద్దని ఎవరన్నారు? ముందు వదులవ్వాల. అప్పుడు టక్కున బిగిస్తే తెగుద్ది" అన్నాడు. కంప్యూటర్ లెక్కల్లోనూ అంతే! అల ఎత్తొక్కటే చాలదు. అది వచ్చే ముందు యంత్రం ఎటు ఊగుతోంది, తాడు వదులుగా ఉందా అన్నదీ చూడాలి. అందుకని అదే అలను వేరువేరు క్షణాల్లో కొట్టించి చూస్తారు.

2022 నవంబరులో ఐఐటీ మద్రాసు వాళ్లు తూత్తుకుడి దగ్గర సముద్రంలో సింధుజ-1 అనే యంత్రాన్ని పరీక్షించారు. రేపు మా తీరానికీ ఒకటి రావచ్చు. 2013లో ఫైలిన్ తుఫాను తీరం దాటింది మా గోపాల్‌పూర్ దగ్గరే. అలాంటి తుఫానుకు లెక్క వేశాకే దాన్ని దింపాలి. తాడు తెగితే ఆ యంత్రం కొట్టుకొచ్చేది మా పడవల మీదికే.