బిగబట్టే పిల్లలు

డైపర్ మాన్పించడం ఎలా అని అడగడానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళు తక్కువ. "విరేచనాలు ఆగడం లేదు డాక్టరమ్మా" అంటూ వచ్చేవాళ్ళలోనే ఆ సమస్య దాక్కుని ఉంటుంది.

అలా వచ్చినవాడే ఒక మూడేళ్ళ బాబు. రోజుకు నాలుగైదుసార్లు నిక్కరు పాడవుతోందట. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జింకు సిరప్పు, రెండు రకాల యాంటీబయాటిక్స్ అప్పటికే అయ్యాయి. పప్పు, కూరలు మానిపించి పెరుగన్నం ఒక్కటే పెడుతున్నారు. ప్లే స్కూలువాళ్ళు "పూర్తిగా అలవాటయ్యాకే పంపండి" అని ఇంటికి పంపేశారు. వాడు మాత్రం నా బల్ల మీది టార్చి కోసం తల్లి ఒళ్ళోంచి దూకుతున్నాడు. అన్నాళ్ళు నీళ్ళ విరేచనాలైన పిల్లవాడికి అంత హుషారు ఉండదు. పొట్ట మీద చెయ్యి వేస్తే బొడ్డు కింద, ఎడమ పక్క గట్టిగా ముద్దలు తగిలాయి. పేరుకుపోయిన మలం. వాడిది మలబద్ధకమని చెబితే తల్లి నావైపు అనుమానంగా చూసింది.

అనుమానం రావడం న్యాయమే. లోపల జరిగేది ఇది. ఎప్పుడో ఒకసారి విరేచనం గట్టిగా వచ్చి, ఆసనం దగ్గర చర్మం చీరుకుంటుంది. పసివాడికి ఆ ఒక్కసారి చాలు. మళ్ళీ వస్తున్నట్టు అనిపించగానే కాళ్ళు మెలేసి, మునివేళ్ళ మీద నిలబడి, ఏ తలుపు చాటునో ముఖం ఎర్రబడేదాకా బిగబడతాడు. ఇంట్లోవాళ్ళు పాపం ముక్కుతున్నాడనుకుంటారు. వాడు ఆపుకుంటున్నాడు. ఆపిన మలంలోంచి పెద్దపేగు నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది కాబట్టి అది ఇంకా గట్టిపడుతుంది. పేగు సాగి సాగి, నిండిందన్న కబురు అందించడం మానేస్తుంది. పైనుంచి దిగే పల్చని మలం ఆ ముద్దల పక్కల నుంచి జారి, వాడికి తెలియకుండానే నిక్కరులో పడుతుంది. అది చూసి కొందరు విరేచనాలనుకుని మందు పోస్తారు, కొందరు మొండితనమనుకుని వీపు మీద ఒకటి వేస్తారు. వాడికి తెలియకుండా జరిగినదానికి వాడు దెబ్బలు తింటాడు.

వైద్యం సులువే, ఓపికే కరువు. నీళ్ళలో కలిపి తాగించే పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడిని మొదటి కొద్ది రోజులు ఎక్కువ మోతాదులో ఇచ్చి పేగు ఖాళీ చేయిస్తాం. తర్వాత తక్కువ మోతాదులో కనీసం రెండు నెలలు, చాలాసార్లు ఇంకా ఎక్కువకాలం వాడాలి. మానేటప్పుడు కూడా మెల్లగా తగ్గించాలి. "అలవాటైపోతుందేమో" అన్నది ప్రతి ఇంటా వినే భయం. ఈ పొడి ఒంటికి పట్టేది దాదాపు ఏమీ ఉండదు, నీటిని పట్టుకుని పేగులోంచి వెళ్ళిపోతుంది, పేగును బద్ధకపరచదు. వారం రోజులు సాఫీగా అయిందని సీసా అటక మీద పెట్టేసినవాళ్ళే నెల తిరక్కుండా మళ్ళీ వస్తారు. దొడ్డికి వెళితే నొప్పి పుట్టదని పేగు కన్నా ముందు పిల్లవాడి మనసుకు తెలియాలి, అందుకే అన్ని నెలలు. ఆ బాబు విషయంలోనూ అంతే జరిగింది: మధ్యలో ఒకసారి మందు మానేశారు, మళ్ళీ మొదటికొచ్చింది, మళ్ళీ మొదలుపెట్టాం, తగ్గింది.

తమలపాకు తొడిమకు ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం ఇంకా పోలేదు. అప్పటికప్పుడు పని అవుతుంది, కాదనను. కానీ అక్కడ నొప్పని వణికిపోతున్న పిల్లవాణ్ణి నలుగురు పట్టుకుని అక్కడే చెయ్యి పెడితే ఆ భయం రెట్టింపవుతుంది.

"మా పిల్లలకు ఏడాది నిండకముందే అలవాటు చేశాం, ఇప్పటి ఆడవాళ్ళకు చేతకాదు" అని కోడలి ముందే అన్న మామ్మగారొకరు గుర్తొస్తున్నారు. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. కాళ్ళు చాపుకుని కూర్చుని, పాదాల మీద బిడ్డను కూర్చోబెట్టి "ష్‌ష్..." అనేవారు. పాలు తాగిన కాసేపటికి పేగు కదులుతుంది, మోకాళ్ళు పైకి వచ్చే ఆ భంగిమలో మలం తేలిగ్గా దిగుతుంది. పద్ధతిలో శాస్త్రం ఉంది. కాకపోతే అక్కడ నేర్చుకున్నది బిడ్డ కాదు, ఆవిడ. బిడ్డ ముఖం మారడం కనిపెట్టి సరైన వేళకు ఎత్తుకున్నది ఆవిడే. రోజంతా అలా కనిపెట్టుకుని ఉండే మనిషి ఇవాళ ఎన్ని ఇళ్ళలో ఉన్నారు? ఆఫీసు నుంచి రాత్రి ఏడింటికి చేరే కోడల్ని ఆ లెక్కతో కొలవడం అన్యాయం.

పాశ్చాత్య దేశాల్లోనూ ఈ గొడవ పాతదే. అమెరికన్ పిల్లల వైద్యుడు బెరీ బ్రేజెల్టన్ 1962లో, పదేళ్ళపాటు తన క్లినిక్‌లో చూసిన 1,170 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. బిడ్డ సిద్ధపడ్డాకే మొదలుపెట్టాలన్నది ఆయన మాట. ఆ పిల్లలకు పగటిపూట అలవాటు పూర్తయిన సగటు వయసు 28 నెలల పైచిలుకు. తర్వాతి కాలంలో ఆయన ఒక డైపర్ కంపెనీ ప్రకటనలో కనిపించి విమర్శలపాలయ్యారు, అది వేరే కథ. 2003లో వచ్చిన మరో అమెరికన్ పరిశీలన ప్రకారం 27 నెలలకు ముందే పట్టుబట్టి నేర్పినవాళ్ళు ముందు ముగించింది లేదు, శ్రమ మాత్రం ఎక్కువకాలం పడ్డారు.

అపార్ట్‌మెంట్లలో కమోడ్ మరో చిక్కు. రెండున్నరేళ్ళ పాప ఒకతి, వచ్చినప్పుడల్లా డైపర్ తెచ్చిచ్చి, వేయించుకుని, కర్టెన్ వెనక నిలబడి పని ముగించేది. పెద్దవాళ్ళ సీటు మీద కూర్చోబెడితే కాళ్ళు గాల్లో వేలాడతాయి, ఫ్లష్ మోతకు ఉలిక్కిపడుతుంది. డైపర్ లాక్కోవద్దని చెప్పాను. ముందు డైపర్‌తోనే బాత్‌రూమ్‌లోకి, కొన్నాళ్ళకు డైపర్‌తోనే చిన్న పాటీ మీదికి, ఆ తర్వాత డైపర్ లేకుండా. కమోడ్‌కు మారాక పాదాల కింద పీట. తిన్న తర్వాత అయిదు నిమిషాలు, చేతిలో ఫోను లేకుండా. ఫోనిస్తే గంటసేపు కూర్చుంటుంది, వచ్చిన పని మర్చిపోతుంది.

ఇక తిండి. రోజుకు లీటరు పాలు తాగే పిల్లలకు అన్నం మీద ఆకలి ఎక్కడిది? మలబద్ధకంతో పాటు రక్తహీనత కూడా వస్తుంది. పాలు అర లీటరుకు మించనివ్వకండి, సీసా మాన్పించండి, ఆకుకూర, జామకాయ, నీళ్ళు పెంచండి. పుట్టిన 48 గంటల్లోపు మొదటి మలం రాకపోయినా, పొట్ట ఉబ్బుతున్నా, బరువు పెరగకపోయినా అది అలవాట్ల సంగతి కాదు, వెంటనే చూపించాలి. అయిదేళ్ళలోపు రాత్రి పక్క తడిపితే మాత్రం జబ్బనుకోనక్కర్లేదు.

చివరిగా ప్లే స్కూళ్ళ యాజమాన్యాలకు ఒక మనవి. డైపర్ మానిన పిల్లలనే చేర్చుకుంటామన్న షరతు పెట్టకండి. జూన్‌లో బడి తెరుస్తారని మే నెలలో ఇంట్లో బలవంతం మొదలవుతోంది, జూలైలో ఆ పిల్లలు బిగబట్టుకుని మా దగ్గరికి వస్తున్నారు. విసుక్కోకుండా కడిగే ఆయా ఒకరిని, కాలు ఆనే చిన్న పీట ఒకదాన్ని ఏర్పాటు చేయండి, మిగతాది ఇంట్లోవాళ్ళం, డాక్టర్లం చూసుకుంటాం.