అమ్మమ్మ మోసిన ఇద్దరు

మొన్న మా అమ్మాయికి కణవిభజన పాఠం చెప్పవలసి వచ్చింది. సమవిభజన తేలికగానే సాగిపోయింది. కణం తన 46 క్రోమోజోములకు నకళ్ళు తీసి, వాటిని నడిమధ్యన బారుగా నిలిపి, రెండు పిల్లకణాలకూ సరిసమానంగా పంచి ఇస్తుంది. తెగిన వేలు మానేది ఈ పంపకం వల్లనే.

చిక్కంతా క్షయకరణ విభజనతోనే. నకలు తీయడం ఒక్కసారి, విభజన రెండుసార్లు. చివరికి అండానికి దక్కేవి 23. మొదటి విభజన తొలిదశలో తల్లి ఇచ్చినవీ తండ్రి ఇచ్చినవీ జతకట్టి, ముక్కలు మార్చుకుంటాయి. ఆడపిల్లలో ఈ పని తానింకా తల్లి కడుపులో ఉండగానే మొదలై, సగంలో ఆగిపోతుంది. మళ్ళీ కదిలేది ఏళ్ళ తరువాత, అండం విడుదలయ్యే వేళకు.

అక్కడ నా గొంతు ఆగిపోయింది. అమ్మ పోయి మూడేళ్ళయింది. "నా కడుపున పుట్టింది ఒక్కతే, అదీ మిగల్లేదు" అంటూ ఉంటుంది అమ్మమ్మ.

ఆ రాత్రి ఆమె మంచం పక్కన కూర్చుని చెప్పాను: "అమ్మ నీ కడుపులో ఉన్నప్పుడే, నేను కాబోయే కణం అమ్మలో ఉంది అమ్మమ్మా. నీ పాలూ తాతయ్య పాలూ కలగలిసింది అక్కడే. ఆ తరువాత ఇరవై రెండేళ్ళు ఆగి, నేను వచ్చాను."

అమ్మమ్మకు క్రోమోజోములంటే తెలియదు. చాలాసేపు మాట్లాడలేదు.

"ఇద్దరిని మోశానన్నమాట. అందుకేనేమో, ఆ నెలల్లో అన్నం సయించేది కాదు," అంది.