పిల్లలతో పూటకూడు: తుగ్గలి ప్రాంతపు ప్రయాణము

పిల్లలను వెంటబెట్టుకొని యిల్లు వెడలిన స్త్రీకి టిక్కెట్ల చింతకంటెను, సామాను చింతకంటెను ముందుగా కలుగు చింత యొకటి కలదు. మధ్యాహ్నమగుసరికి ఎక్కడ కూర్చుండి పిల్లలకు నాలుగు ముద్దలు పెట్టుదుమన్నదే యా చింత. పురుషులు బండియొద్ద నిలువబడి రెండు ఇడ్లీలు తిని, చేయి కడుగుకొని పోగలరు. చంకలో బిడ్డ, చేతిలో సంచి, వెనుక వృద్ధురాలైన అత్తగారు ఉన్న యిల్లాలికి అది సాధ్యము గాదు.

ఈ యేడు జ్యేష్ఠమాసమున మేము కర్నూలు జిల్లా పడమటి భాగమున అయిదు దినములు తిరిగివచ్చితిమి. అత్తగారికి మంత్రాలయపు మ్రొక్కు కలదు. తుగ్గలి చెంత నొక పల్లె ఆమె పుట్టినిల్లు. అచ్చట నిప్పుడు తమవారెవరును లేకపోయినను ఒకసారి కన్నులార చూడవలెనని ఆమె కోరిక. మావారికి సెలవు దొరకనందున ఆఱేండ్ల బాబును, మూడేండ్ల పాపను తీసికొని ఆడవారమే బయలుదేరితిమి. త్రోవలో చూచిన గుళ్లను గుఱించి వ్రాయువారు పెక్కుమంది కలరు. మేము తిన్న చోట్లను గుఱించి చెప్పెదము.

మొదటి దినమున మధ్యాహ్నము ఒక పట్టణమున బండి మాఱవలసివచ్చెను. స్టేషను ఎదుట నొక పెద్ద హోటలుపై ‘కుటుంబములకు ప్రత్యేకపు గది’ అని బోర్డు కనుపించెను. సంతోషముతో లోనికి పోయితిమి. ఆ గది యనగా ఒక మూల కట్టిన తెఱ. తెఱ వెనుక ఉల్లిగడ్డల బస్తాలు, ఖాళీ గ్యాసు బండలు, వాని నడుమ నొక బల్ల. గాలి లేదు. సాంబారు నోట బెట్టగానే పాప కారమునకు ఏడువసాగెను. పెరుగన్నము తెమ్మని అడిగితిమి. తెచ్చుసరికి పాప ఏడ్చి ఏడ్చి నిద్రపోయెను. మఱుగుదొడ్డి యెచ్చటనని అడుగగా, తాళము వేసియున్నదనియు, తాళపుచెవి యజమానియొద్ద నున్నదనియు, ఆయన భోజనమునకు ఇంటికి పోయెననియు పనివాడు చెప్పెను.

అత్తగారు ముందున్న నీళ్లలోటాను మెల్లగా ప్రక్కకు జరిపిరి. ఉదయము నుండి ఆమె గుక్కెడు నీరైన త్రాగలేదని అప్పుడు గాని మాకు తెలియలేదు. కారణమడిగితిమి. “తాగితే పోవాల్సొస్తాదమ్మా. పోయేదానికి చోటేదీ?” అనిరి. రెండేండ్ల క్రిందట మూత్రములో ఱాళ్లు వచ్చి ఆమె పడిన బాధ మేము మఱువలేదు. నీరు ఎక్కువగా త్రాగుటయే మందని వైద్యుడు అప్పుడు ఖండితముగా చెప్పెను. ఇంటిలో అట్లే చేయుచున్న ఆమె, ప్రయాణమున మాత్రము నోరు కట్టుకొని కూర్చుండెను. ఇది మా అత్తగారి యొక్కరి కథ కాదని సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మఱునాటి ఉదయము గుంతకల్లు నుండి డోను వైపు పోవు బండిలో తుగ్గలికి చేరితిమి. తుగ్గలి మండల కేంద్రమే గాని పెద్ద ఊరు గాదు. తొలకరి వానకు నేల తడిసి, చేలలో గుంటకలు తిరుగుచుండెను. ఇచ్చట బోర్డు కట్టిన పెద్ద హోటలేదియు మాకు కనుపించలేదు. వేపచెట్టు క్రింద నొక చిన్న కొట్టు, దాని వెనుకనే కొట్టువారి యిల్లు. ఒక నడివయసు ఇల్లాలు పొయ్యియొద్ద నుండెను. భర్త గిన్నెలు అందించుచుండెను. మమ్ము చూడగానే ఆమె నులకమంచము నీడకు లాగి, “రాండమ్మా, ఇట్ల కూచోండి. పెద్దమ్మా, మొగం కడుక్కుంటావా? దొడ్డి ఇంటెనకాలే వుంది, పోయిరా” అనెను. మేము అడుగకముందే అడిగిన ఆ మాటకు అత్తగారి ముఖము వికసించెను. తిరిగివచ్చి మొట్టమొదట ఆమె కోరినది ఒక చెంబెడు నీరు.

ఇచ్చటి ఉదయపు టిఫిను ఉగ్గాని. తీరప్రాంతపు సోదరీమణులలో కొందఱు దీని నెఱుగకపోవచ్చును గనుక చేయు విధము చెప్పుచున్నాము. బొరుగులను నీటిలో ముంచి వెంటనే తీసి గట్టిగా పిండవలెను, నానినచో ముద్దయగును. బాణలిలో నూనె కాచి ఆవాలు, శనగపప్పు, కరివేపాకు, సన్నగా తఱిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు వేయించి, పసుపును ఉప్పును వేసి, పిండిన బొరుగులు కలుపవలెను. పొయ్యి దించిన పిమ్మట పుట్నాలపొడి చల్లి, నిమ్మపండు పిండి, కొత్తిమీర వేసిన చాలును. ప్రక్కన వేడివేడి మిరపకాయ బజ్జి యుండవలెను. కన్నడమున ఒగ్గరణె యనగా పోపు. ఉగ్గాని యను పేరు దానినుండియే వచ్చినదని చెప్పుదురు. బొరుగులు తేలికగా జీర్ణమగును గనుక పిల్లలకును పెద్దలకును మేలు. కొట్టు ఇల్లాలు మిరపకాయలు వేయకముందే పిల్లల పాలు వేఱుగా తీసియుంచెను. “పిల్లోళ్ల నోరు కాలితే తల్లికి ముద్ద దిగదు గదమ్మా” అని ఆమె చెప్పిన మాట ఏ హోటలు బోర్డుకన్నను మాకు విలువైనదిగ తోచెను.

అచ్చటినుండి ఆటోలో ఎఱ్ఱగుడికి పోయితిమి. ఊరి చెంత గుట్టమీది బండలపై అశోక చక్రవర్తి శాసనములు క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దమున బ్రాహ్మీలిపిలో చెక్కబడియున్నవి. వానిలో మొదటి శాసనము వంటయింటిని గుఱించినదే యని తెలిసినచో సోదరీమణులు ఆశ్చర్యపడుదురు. పూర్వము తన వంటశాలలో కూరకై దినదినము లక్షలకొలది ప్రాణులు చంపబడుచుండెననియు, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమే చంపబడుచున్నవనియు, లేడియు ప్రతిదినము కాదనియు, ఇకముందు ఆ మూడును చంపబడవనియు చక్రవర్తి అందు చెప్పుకొనెను. రెండవ శాసనములో మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పఱచుట, ఔషధపు మొక్కలను, ఫలవృక్షములను నాటించుట, దారుల వెంబడి బావులు త్రవ్వించుట, చెట్లు నాటించుట చెప్పబడినవి. బాటసారికి నీడయు నీరును కల్పించుట రాజధర్మమని యీ బండలు రెండువేల రెండువందల యేండ్లకు పైగా చెప్పుచున్నవి. నీటి వెనుక కావలసిన మఱుగును గుఱించి మాత్రము ఏ రాజును శాసనము వ్రాయించినట్లు మేము వినలేదు.

జొన్నగిరి చేల వైపు పోవుసరికి ఎండ నడినెత్తికి వచ్చెను. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర ప్రాంతముల చేలలో వజ్రములు పైకి తేలుననుట ప్రసిద్ధము. ఇతర జిల్లాల నుండియు జనులు వచ్చి, నేలపై చూపు నిలిపి దినమంతయు వెదకుదురు. అత్తగారు చిన్ననాట తామును కొంగు బిగించి వెదకితిమని చెప్పి నవ్విరి. చేలలో స్త్రీలు పెక్కుమంది యుండిరి. కొందఱి ప్రక్కన పిల్లలును కలరు. దారిప్రక్కన తేనీటి బండ్లు రెండు మూడు వచ్చి నిలిచినవి గాని, వాని చుట్టును పురుషులే. స్త్రీలు చింతచెట్టు క్రింద చేరి తమ మూటలు విప్పిరి. ఒక్కొక్క మూటలో జొన్నరొట్టెలు, వేరుసెనగ ఊరుబిండి, ఉల్లిగడ్డ.

అందులో నొక యామె మా పిల్లలను చూచి అడుగకయే చెరి సగము రొట్టె విఱిచి యిచ్చెను. “వజ్రం దొరికినా దొరక్కపోయినా రొట్టె వుంటాది తల్లీ. నీళ్లే, మోసకొచ్చుకోవాల” అనెను. మా సీసాలోని నీరు ఆమె బిడ్డకు పోసితిమి. ఆ ప్రయాణమంతటిలో పిల్లలు మాఱుమాటాడక తిన్నది ఆ చెట్టు క్రిందనే.

ఆ రాత్రికి పత్తికొండ చేరి తెలిసినవారింట నుంటిమి. మద్రాసు గవర్నరుగ నుండిన సర్ తామస్ మన్రో 1827 జూలై 6వ తేదీన ఈ పత్తికొండలోనే కలరా సోకి మరణించెను. దేశమేలిన దొరయైనను కలరా విడువలేదు. కలరా చెడిన నీటివలన ప్రాకు వ్యాధి. కావున సోదరీమణులు కొత్త చోట అన్నము రుచి చూచుటకు ముందు నీళ్లకడవను చూడవలెను. మూత కలదా, ముంచుటకు కాడగరిటె కలదా, లేక చేయి ముంచి తీయుచున్నారా? ఈ మూడు చూచిన చాలును.

మఱునాడు బస్సులో ఆదోనికి పోయితిమి. ఆదోని ప్రత్తి వ్యాపారమునకు పేరుపడిన పట్టణము. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువఱకు ఇది బళ్లారి జిల్లాలో నుండెను; అందుచేత ఇచ్చటి మాటలోను, వంటలోను కన్నడపు వాసన కలదు. సాయంకాలమున వీధిప్రక్కన స్త్రీలు పొయ్యిలు వెలిగించి జొన్నరొట్టెలు చేసి అమ్ముదురు. జొన్నపిండికి గోధుమపిండివలె సాగు గుణము లేదు గనుక కాగిన నీటితో కలిపి, అరచేతితో బాగుగా మెదిపి, పలకపై చప్పట్లు చఱచినట్లు తట్టవలెను. పెనముపై వేసి, పైన తడిగుడ్డతో అద్ది, త్రిప్పి కాల్చినచో రొట్టె పూరివలె ఉబ్బును. దానికి తోడు గురెల్లపొడి, పప్పు, వంకాయకూర. ఈ రొట్టెలు చేయుచు ఎందఱో స్త్రీలు తమ సంసారములు నడుపుకొనుచున్నారు. అయితే కూర్చుండి తినుటకు చోటు లేదు. కొని బసకు తెచ్చుకొంటిమి. వేడి రొట్టెపై నేయి వ్రాసి పాలలో చిదిపి పెట్టగా పాప కడుపునిండ తినెను.

ఎమ్మిగనూరులో ఆగినది కొద్ది గంటలే. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన నేతపనివారి సహకార సంఘముచేత ఈ యూరు పేరు దేశమంతట తెలిసినది. అచ్చట ఒక యింటి ముందరి గదిలో దంపతులు నడుపు మెస్సులో భోజనము చేసితిమి. ఆకులు నాలుగే గాని శుభ్రముగ కడిగినవి. పిల్లలిద్దఱికి కలిపి ఒక్క భోజనమే లెక్కకట్టిరి. ఇంటివారి దొడ్డినే అతిథులకును విడిచిరి. చిన్న చోటైనను ఇల్లాలు నడుపు చోట ఇల్లాలి కష్టము తెలియునని మాకు అచ్చట మఱల రుజువయ్యెను.

అయిదవ దినమున మంత్రాలయము. తుంగభద్రలో స్నానము చేసి, 1671లో బృందావన ప్రవేశము చేసిన రాఘవేంద్రస్వామివారిని దర్శించి, మఠపు భోజనశాలకు పోయితిమి. వచ్చిన యాత్రికులకు అచ్చట ఉచితముగ అన్నము పెట్టుదురు. కారము తక్కువ, అన్నము, సారు, పాయసము పిల్లలకు హితముగ నుండెను. జనము ఎక్కువగనుక త్రోపులాట కలదు. చంటిపిల్లలున్నవారు రద్దీకి ముందే పోవుట మేలు. వరుసలో కూర్చుండి అత్తగారు మెల్లగా భుజించుచు, “వడ్డించేవాళ్లు వేరే వుంటే అన్నం రుచే వేరమ్మా” అనిరి. నలుబది యేండ్లుగ అందఱికి వడ్డించి చివరను తిన్న ఆమె నోట ఆ మాట వినగా మాకు కొంత సిగ్గు కలిగెను. మా యింటిలో ఆ రుచి ఆమెకు మేమైనను చూపలేదు గదా! ఇల్లు చేరిన పిమ్మట ఆదివారములు ఆమెను ముందుగ కూర్చుండబెట్టి వడ్డించుచున్నాము.

పిల్లలతో పోవు సోదరీమణులకు మేము నేర్చినది చెప్పి ముగించెదము. బోర్డును నమ్మవలదు. కూర్చుండుటకు నీడ, మూతగల నీళ్లకడవ, కారము లేని ముద్ద, తాళము లేని మఱుగుదొడ్డి, ఈ నాలుగు ఉన్నచోటే కుటుంబములకు తగినది. ఇవి లేనిచోట వెంట జొన్నరొట్టెలు, బొరుగులు, అరటిపండ్లు, కాచి చల్లార్చిన నీరు తప్పక ఉండవలెను. అడుగుటకు సిగ్గుపడవలదు. మనము అడుగనంతకాలము అది ఎవరికిని కొఱతగ తోచదు. పెద్దవారు నీరు త్రాగుచున్నారో లేదో కనిపెట్టవలెను. వారు తమంతట చెప్పరు.

తిరుగు ప్రయాణమున మఱల ఆ పట్టణముననే బండి మాఱితిమి. ఈమాఱు వేఱొక చిన్న హోటలులోనికి పోయి, టిఫినులేమున్నవని అడుగకముందే మఱుగుదొడ్డి తాళపుచెవి అడిగితిమి. యజమాని కొంచెము తెల్లబోయి, గల్లాపెట్టె లోనుండి తీసి యిచ్చెను. అత్తగారు పోయివచ్చి, కూర్చుండి, రెండు లోటాల నీరు త్రాగిరి.